చెత్త మనది, గాయం వారిది

పారిశుద్ధ్య కార్మికుల భద్రత చర్చకు వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు ఒకే జాబితాను అప్పజెబుతాయి: చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు, కాళ్లకు బూట్లు, ఒంటిమీద మెరిసే జాకెట్టు. పంపిణీ సభ జరుగుతుంది, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. కొన్నాళ్లకు గ్లౌజు చిరుగుతుంది, కొత్తది రాదు. మండుటెండలో రబ్బరు బూటులో పాదం ఉడికిపోయి కార్మికురాలు దాన్ని పక్కన పెడితే, ఇచ్చినా వాడడం లేదన్న నింద తిరిగి ఆమె మీదే పడుతుంది. ఈ తంతులో ఒక ప్రశ్న ఎప్పుడూ మరుగున పడుతుంది. ఆ గ్లౌజును చీల్చిన గాజుపెంకు ఏ ఇంటి నుంచి వచ్చింది? దాన్ని కాగితంలో చుట్టి విడిగా అందించాలన్న ఆలోచన ఆ ఇంట్లో చదువుకున్న నలుగురిలో ఒక్కరికైనా ఎందుకు రాలేదు?

ఇంటింటి చెత్త సేకరణలో ప్రమాదం చాలావరకు గడప ఇవతల పుట్టి, గడప అవతలి మనిషికి చేరుతుంది. అవతలి మనిషి ఎవరో కులం ముందే నిర్ణయించి పెట్టింది. అందుకే ఆ ప్రమాదం ఇవతలివారికి ప్రమాదంగా కనిపించదు. భద్రతను పరికరాల పంపిణీగా కుదించినంత కాలం ఈ ఏర్పాటు చెక్కుచెదరదు. గ్లౌజులు అవసరమే, వాటిని వద్దనేవారెవరూ లేరు. అయితే గ్లౌజు దగ్గరే ఆగిపోయే చర్చ కార్మికుల ప్రాణాల కంటే మన మనశ్శాంతినే ఎక్కువగా కాపాడుతోంది.

సంచిలో ఏముంటుంది

తడి చెత్త, పొడి చెత్త కలిసిపోయిన ఒక మామూలు నగర కుటుంబపు సంచిని తీసుకుందాం. అందులో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలతో పాటు గడ్డం గీసుకున్న బ్లేడు, పగిలిన గ్లాసు, మధుమేహ రోగి వాడి పారేసిన ఇన్సులిన్ సూది, కాలం చెల్లిన మాత్రలు, శానిటరీ న్యాప్‌కిన్లు, పసిబిడ్డల డయపర్లు, మంచాన పడిన వృద్ధుల డయపర్లు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసా, పాత బ్యాటరీ, మాడిపోయిన ట్యూబ్‌లైటు ఉంటాయి. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే ముప్పు ఉంది. మురికి అంటిన గాయం ధనుర్వాతానికి దారి తీయవచ్చు. ట్యూబ్‌లైటు పగిలితే పాదరసపు ఆవిరి వెలువడుతుంది. ఎలుకల మూత్రం కలిసిన తడి, కాళ్ల పగుళ్ల ద్వారా ఒంట్లోకి చేరితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుళ్లిన చెత్తను తిరగేసినప్పుడు లేచే ధూళిలో బూజు కణాలు, సూక్ష్మజీవులు ఉంటాయి. ఏళ్ల తరబడి వాటిని పీల్చిన ఊపిరితిత్తులు మునుపటిలా ఉండవు.

వీటికి తోడు రోజంతా బరువులెత్తి అరిగిపోయే నడుము, తెల్లవారుజామున రోడ్డు ఊడుస్తుండగా మీదికి దూసుకొచ్చే వాహనం, వీధి కుక్కల కాట్లు ఉన్నాయి. మహిళా కార్మికులది మరో బాధ. పని చేసే వీధుల్లో మరుగుదొడ్డి దొరకదు కాబట్టి గంటల తరబడి నీళ్లు తాగకుండా గడుపుతారు. మూత్ర సంబంధ ఇన్ఫెక్షన్లు ఆ విధంగా మొదలవుతాయి. ఏ ఇంటి మరుగుదొడ్డి చెత్తను వారు మోస్తున్నారో ఆ ఇంటి మరుగుదొడ్డిని వాడుకోవడానికి మాత్రం వారికి అనుమతి ఉండదు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, పాత ఇల్లు కూల్చేటప్పుడు ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. అడ్డా మీది నుంచి రోజు కూలికి పిలుచుకొచ్చిన ఇద్దరు ముగ్గురు మనుషులు పాత పరుపులు, రంగు డబ్బాలు, పురుగుమందు సీసాలు, పగిలిన అద్దాలు ఒట్టి చేతులతో మోస్తారు. మనం సిమెంటు రేకులని పిలుచుకునే పైకప్పుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని సుత్తితో పగలగొట్టినప్పుడు కంటికి కనిపించని పీచు గాలిలో కలుస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే వ్యాధి బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టవచ్చు. మన దేశంలో ఆస్బెస్టాస్ తవ్వకాలు నిలిచిపోయినా, దిగుమతి చేసుకున్న ముడి సరుకుతో రేకుల తయారీ సాగుతూనే ఉంది. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల కోసం 2016లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. కానీ ఒక్క పూటలో ముగిసిపోయే అడ్డా కూలీ పనిలో వాటి పేరెత్తేవారు ఉండరు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కూలీకి ఆయాసం పట్టుకుంటే, అది ఏ ఇంటి రేకు పుణ్యమో ఎవరు రుజువు చేయగలరు?

ఎవరి చేతులు

మురుగుకాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలను కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద సేకరించింది. 2024లో వెల్లడైన లెక్కల ప్రకారం అప్పటికి నమోదైన సుమారు 38,000 మందిలో దాదాపు 69 శాతం షెడ్యూల్డ్ కులాల వారు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాల వాటా 16.6 శాతం. ఇది పేదరికానికి సంబంధించిన విషయం, కులాన్ని ఎందుకు తెస్తారని అడిగేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. పేదలు అన్ని కులాల్లోనూ ఉన్నారు. ప్రమాదకరమైన పనులు చేసేవారూ అన్ని కులాల్లో ఉన్నారు. కానీ ఇతరుల మాలిన్యాన్ని ముట్టుకునే పని దగ్గరకు వచ్చేసరికి పేదరికం తన చూపును ఇంత కచ్చితంగా ఒకే వైపు ఎలా తిప్పుకుంటుంది?

తెలుగు సమాజానికి ఈ చరిత్ర కొత్తది కాదు. వలస పాలన కాలంలో రంగూన్ నగరపు పాకీ పనిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కోలార్ బంగారు గనుల పట్టణంలో పొడి మరుగుదొడ్లు ఎత్తినది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలే. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాదిగలు, చెన్నై కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బందిలో తెలుగు దళితులు తరాలుగా కొనసాగుతున్నారు. ఉత్తరాంధ్ర నుంచి విజయవాడ దాకా రెల్లి కులస్తులకు, హైదరాబాదులో మెహతర్లకు ఈ పనితో ఉన్న సంబంధం అందరికీ తెలిసినదే. ఊరు మారింది, రాష్ట్రం మారింది, సముద్రం దాటి దేశం కూడా మారింది. చీపురు మాత్రం అదే చేతిలో మిగిలింది. కుల వ్యవస్థ పనులను పంచడంతో సరిపెట్టుకోకుండా, పనిచేసే మనుషులనే విడదీసి ఒకరి మీద ఒకరిని అంతస్తులుగా నిలబెట్టిందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. దానికి ముందు ఏడాది ఆయన బొంబాయిలో మునిసిపల్ కార్మికుల సంఘాన్ని స్థాపించడం యాదృచ్ఛికం కాదు.

మన భాష కూడా ఈ ఏర్పాటుకు సాక్ష్యం చెబుతుంది. పాలు తెచ్చేవారిని పాలవాడు అంటాం, పాలు ఆయన తెచ్చినవి కాబట్టి. చెత్త తీసుకెళ్లేవారిని చెత్తవాడు అంటాం, చెత్త మనదైనా సరే. మన ఇంటి ఎంగిలి, మైల ఒక్క మాటతో ఆ మనిషికి అంటుకుంటాయి, మనం మడిగా మిగిలిపోతాం. తడి, పొడి వేరు చేయమని ఎన్ని ప్రచారాలు చేసినా ఇళ్లలో అది అలవాటుగా మారకపోవడానికి కారణం అవగాహన లోపమేనని అధికారులు భావిస్తారు. బియ్యంలో రాళ్లు ఏరగల ఇంటికి చెత్తలో సూది ఏరడం తెలియకపోదు. ఏరవలసిన పని తమది కాదన్న తరతరాల నమ్మకమే అడ్డుపడుతోంది.

చట్టం చూసే చావు, చూడని చావు

మ్యాన్‌హోల్ మరణాలపై ఈ దేశంలో కొంత చట్టం ఏర్పడింది. అది పాలకుల దయ వల్ల రాలేదు. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు ముందుండి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లి, పదేళ్లకు పైగా పోరాడింది. 1993 చట్టం చాలదని తేలి 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగుకాలువల్లో మరణించిన ప్రతి కార్మికుని కుటుంబానికీ 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాదు సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగుకాలువల్లోకి దించడాన్ని నిషేధించింది. అయినా 2019 నుంచి 2023 వరకు ఇటువంటి పనిలో 377 మంది మరణించారని కేంద్రమే పార్లమెంటుకు తెలిపింది. 2022, 2023 సంవత్సరాల్లో జరిగిన 54 మరణాలపై చేయించిన సామాజిక తనిఖీలో 90 శాతానికి పైగా కేసుల్లో మృతుల ఒంటిమీద ఏ రక్షణ పరికరమూ లేదని తేలింది.

ఈ మరణాలు కనీసం లెక్కకు వచ్చాయి. చెత్త ఆటో మీద, డంపింగ్ యార్డులో పనిచేసే మనిషి మరణం ఆ లెక్కకు కూడా రాదు. విషవాయువు నిమిషాల్లో చంపుతుంది, వార్త అవుతుంది. కాలేయం, ఊపిరితిత్తులు ఏళ్ల మీద దెబ్బతింటాయి. యాభై ఏళ్లకే మంచం పట్టిన కార్మికుని మరణ ధ్రువీకరణ పత్రంలో అతని వృత్తికి, వ్యాధికి మధ్య ఉన్న సంబంధం ఎక్కడా నమోదు కాదు.

2013 చట్టపు నిర్వచనాన్ని జాగ్రత్తగా చదివితే మరో సంగతి బోధపడుతుంది. పరిశుభ్రం కాని మరుగుదొడ్లు, బహిరంగ కాలువలు, గుంటలు, రైలు పట్టాల వంటి చోట్ల మానవ మలాన్ని చేతులతో ఎత్తడాన్ని అది నిషేధించింది. అపార్టుమెంటు చెత్త డబ్బాలో చేయి పెట్టి డజన్ల కొద్దీ డయపర్లను వేరు చేస్తున్న మహిళ చేస్తున్న పని ఏమిటి? అది మానవ మలం కాదా? మరుగుదొడ్డి రూపం మారింది, చట్టం పాత రూపం దగ్గరే నిలిచింది. అంతేగాక, నిర్దేశించిన పరికరాలు, రక్షణ సామగ్రి వాడి ఆ పని చేసే వ్యక్తిని మాన్యువల్ స్కావెంజర్‌గా పరిగణించనక్కరలేదన్న వివరణ కూడా అదే చట్టంలో ఉంది. అంటే ఒక జత గ్లౌజులు కార్మికుని చేతిని కాపాడతాయో లేదో గానీ, పని చేయించినవారిని చట్టం నుంచి కాపాడేందుకు పనికివస్తాయి.

సూది కథ ఇంకా విచిత్రమైనది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఆసుపత్రిలో వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని, ఏటా ఆరోగ్య పరీక్షలు చేయించాలని స్పష్టంగా చెప్పాయి. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు కార్మికులకు ఇవ్వవలసిన వాటిని జాకెట్టు, గ్లౌజులు, రెయిన్‌కోటు, పాదరక్షలు, మాస్కుల భాషలో చెప్పాయి. ఆసుపత్రి మంచం పక్కన వాడిన సూదికి టీకా ఉంది. అదే సూదిని రోగి ఇంట్లో వాడి మునిసిపల్ చెత్తలో పారేస్తే రెయిన్‌కోటుతో సరి. హెపటైటిస్ బి టీకా ఆరు నెలల వ్యవధిలో మూడు మోతాదులు. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా వేయగలిగినది. ఇన్నేళ్లుగా అది ప్రతి చెత్త కార్మికునికీ హక్కుగా అందకపోవడానికి ఖర్చు కారణమంటే నమ్మశక్యం కాదు.

యజమాని ఎవరు?

ప్రమాదానికి బాధ్యుడు దొరకాలంటే ముందు యజమాని దొరకాలి. చెత్త పనిలో యజమాని మాయమవడం గత మూడు దశాబ్దాల పరిణామం. మునిసిపాలిటీ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు ఉపగుత్తేదారును చూపిస్తాడు. హైదరాబాదులో 2015 నవంబరులో మొదలైన స్వచ్ఛ ఆటోల పద్ధతి మరో అడుగు ముందుకు వేసింది. ఆటో డ్రైవరు బ్యాంకు రుణంతో బండికి యజమాని అవుతాడు. ఇళ్ల నుంచి నెలనెలా వచ్చే రుసుము, చెత్తలో ఏరి అమ్ముకున్న ప్లాస్టిక్, అట్టలు అతని ఆదాయం. కాగితం మీద అతను స్వయం ఉపాధి పొందుతున్న చిన్న వ్యాపారి. వాస్తవంలో భార్యతోనో తమ్ముడితోనో కలిసి బండి మీద నిలబడి ఒట్టి చేతులతో చెత్త ఏరే కార్మికుడు. ఏరితేనే పూట గడుస్తుంది కాబట్టి ఏరకుండా ఉండలేడు. అతనికి సూది గుచ్చుకుంటే ఈఎస్ఐ కార్డు ఎవరివ్వాలి? అతని పక్కన పనిచేస్తున్న భార్య ఏ రికార్డులో ఉంది?

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు ఆందోళన కలిగిస్తోంది. వృత్తి భద్రతా స్మృతి, ఒక సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తూనే, ఊడ్చడం, శుభ్రపరచడం, అన్ని రకాల వ్యర్థాల సేకరణ ప్రధాన కార్యకలాపం కిందికి రావని మినహాయించింది. అయితే అదే నిబంధనలో ఒక షరతు ఉంది: ఆ సంస్థ ఆ పని కోసమే ఏర్పడినది కాకపోతేనే ఈ మినహాయింపు వర్తిస్తుంది. మునిసిపాలిటీలు ఏ పని కోసం ఏర్పడ్డాయి? రాజ్యాంగపు పన్నెండో షెడ్యూలులో ఆరో అంశంగా ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ రాసి ఉన్నాయి. నగరపాలక సంస్థకు చెత్త ఎత్తడం ప్రధాన పని కాకపోతే మరేది ప్రధాన పని? ఈ వాదనను కార్మిక సంఘాలు, దళిత సంఘాలు, న్యాయ విద్యార్థులు కలిసి న్యాయస్థానాల ముందుకు తీసుకెళ్లవలసి ఉంది.

పొరుగు రాష్ట్రాల్లో రెండు దారులూ కనిపిస్తున్నాయి. 2025 మే 1న బెంగళూరులో 12 వేలకు పైగా పౌరకార్మికులకు పర్మినెంటు నియామక పత్రాలు అందాయి. అదే ఏడాది ఆగస్టులో చెన్నైలో రెండు జోన్ల పారిశుద్ధ్యాన్ని ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ రిపన్ భవనం ముందు 13 రోజులు బైఠాయించిన కార్మికులను పోలీసులు అర్ధరాత్రి ఖాళీ చేయించారు. ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు 6,000 రూపాయల ఆరోగ్య భత్యం కోసం 2022 జూలైలో సమ్మెకు దిగవలసి వచ్చింది. ఆ భత్యం వారికి న్యాయంగా దక్కవలసిన వేతనంలో భాగమే. కానీ భత్యం ఇచ్చామన్న కారణంతో టీకా, వైద్య పరీక్ష, పని పద్ధతుల మార్పు మానుకుంటే, అది రోగానికి నెలసరి ధర కట్టినట్టవుతుంది.

అడగవలసినవి

కాళ్లు కడగడాలు, పూలదండలు, కరోనా కాలపు చప్పట్లు చాలినంత చూశాం. ఇకనైనా అమలు చేయదగిన నాలుగు పనులు అడగాలి.

మొదటిది, పర్మినెంటు, కాంట్రాక్టు, స్వచ్ఛ ఆటో, చెత్త ఏరుకునేవారు అన్న తేడా లేకుండా అందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏటా వైద్య పరీక్ష. ఆ పరీక్షల పత్రం కాంట్రాక్టరు దగ్గర కాక కార్మికుని చేతిలో ఉండాలి. సూది గుచ్చుకున్న కొద్ది గంటల్లోనే హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలుపెట్టాలి కాబట్టి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో ప్రతి కార్మికునికీ ముందే తెలిసి ఉండాలి.

రెండోది, వృత్తి వ్యాధిగా గుర్తింపు. 1923 నాటి పరిహార చట్టపు మూడో షెడ్యూలు, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా స్మృతి షెడ్యూలు, అంటువ్యాధి ముప్పు ప్రత్యేకంగా ఉన్న పనుల్లో సోకే వ్యాధులను వృత్తి వ్యాధులుగా చెబుతున్నాయి. వైద్య రంగం, ప్రయోగశాల, పశువైద్యం అక్కడ పేరుతో సహా ఉన్నాయి. చెత్త పని మాత్రం ఇతర పనులన్న మాటలో దాక్కుని ఉంది. దాని వల్ల రుజువు చేసే భారం కార్మికుని మీద పడుతోంది. జాబితాకు పనులను నోటిఫికేషన్ ద్వారా చేర్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. చెత్త సేకరణ, వేర్పాటు పనులను పేరు పెట్టి అందులో చేర్చాలి.

మూడోది, వేరు చేయని చెత్తను తీసుకోబోమని చెప్పే హక్కు కార్మికునికి ఉండాలి. ఇప్పుడు అలా అంటే కాలనీ సంఘం ఫోను చేస్తుంది, జవాను గద్దిస్తాడు, మరుసటి రోజు పని ఉండదు. జరిమానా ఇంటి యజమానికి పడాలి. ఇల్లు ఖాళీ చేయించేవారు, కూల్పించేవారు పిలిచిన కూలీల భద్రతకు తామే పూచీ పడాలి.

నాలుగోది, లెక్క. ప్రతి నగరపాలక సంస్థా తన చెత్త పనిలో గాయపడినవారి, జబ్బుపడినవారి, మరణించినవారి వివరాలను కాంట్రాక్టు సిబ్బందితో సహా ఏటా ప్రకటించాలి. శుభ్రతకు ర్యాంకులు తెచ్చుకునే నగరాలకు ఈ లెక్క చెప్పడం కష్టం కాకూడదు.

ఈ పేజీని చదివే విద్యార్థులకు ఒక మాట. విద్యాసంవత్సరం ముగిశాక మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లు ఖాళీ అవుతాయి. గదుల్లో విరిగిన అద్దాలు, బ్లేడ్లు, మందుల సీసాలు, ట్యూబ్‌లైట్లు, చిరిగిన పరుపులు మిగులుతాయి. కుల నిర్మూలనపై వ్యాసాలు రాసినవారి గదులూ అందులో ఉంటాయి. మరునాడు కాంట్రాక్టు మహిళలు వచ్చి వాటిని ఎత్తుతారు. వారిలో ఎంతమందికి టీకా పడింది, వారి ఈఎస్ఐ కార్డు ఎవరి దగ్గర ఉంది, నిరుడు ఎంతమంది గాయపడ్డారు? సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెడితే మీ విశ్వవిద్యాలయం ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వక తప్పదు. పెట్టండి. గది ఖాళీ చేసేటప్పుడు పగిలిన అద్దాన్ని పాత పత్రికలో చుట్టి, మీద పెద్ద అక్షరాలతో గాజు అని రాసి, విడిగా పెట్టండి. ఆ పని చేయవలసింది మొదటి నుంచీ మనమే.